పర్లాకిమిడి షెడ్డులో పాత ఎంజీ రేసు కారు: ఎవరెవరి చేతులు మారింది?

కిమిడి కుర్రాడు (పర్లాకిమిడి) | జూలై 6
అందరికీ నమస్కారం. మా తాతగారి రైసు మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది. ఈ వానలకి దాని వెనక షెడ్డు ఒక పక్క కూలింది. శిథిలాలు తీయిస్తుంటే గోనె సంచుల కింద కారు బయటపడింది. కారంటే పూర్తి కారు కాదు. ఒక్క మనిషి కూర్చునే రేకు బాడీ, చేత్తో కొట్టి చేసిన అల్యూమినియం. ముందు ఎడమ పక్క నుజ్జయి లోపలికి వెళ్లిపోయింది. ఇంజిన్ ఉంది, దాని హెడ్డు, అంటే సిలిండర్ల పై మూత, మాత్రం విడిగా చెక్కపెట్టెలో ఉంది. స్పోకుల చక్రాలు మూడున్నాయి. ఆర్సీ బుక్కు లేదు.

ఇంట్లో చిన్నప్పటి నుంచీ వింటున్న మాట ఒకటే: ఇది మహారాజా వారి కారని, మద్రాసు రేసులో పల్టీ కొట్టిందని, ఆ తర్వాత తాతగారికి ఇచ్చేశారని. తాతగారు లేరు. అమ్మమ్మకి ఇప్పుడు జ్ఞాపకం సరిగా లేదు.

అసలు తొందరేమిటంటే, ఒక పెద్ద సిటీ నుంచి పాత కార్లు కొనే ఆయన ఫోన్ చేశాడు. ఎవరు చెప్పారో తెలియదు. కారు మొత్తం అక్కర్లేదట, నెంబరు కొట్టి ఉన్న చాసిస్ ముక్క, ఇత్తడి ప్లేటు ఇస్తే చాలట. అడ్వాన్సు కూడా పంపిస్తానంటున్నాడు. మా మావయ్య ఇచ్చేద్దామంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. దీని చరిత్ర తెలుసుకోవడానికి ఎక్కడ మొదలుపెట్టాలి?

విశాఖ ఎక్స్‌పీఏజీ (విశాఖపట్నం) | జూలై 6
తమ్ముడూ, ముందు ఆ ఫోను ఆయనకి ఏమీ ఇవ్వొద్దు. ఫొటో కూడా పంపొద్దు. ఎందుకో తర్వాత చెబుతాను.

నువ్వు పెట్టిన ఫొటోల్లో వెనక యాక్సిల్ చూశాను. చాసిస్ పట్టీ యాక్సిల్ కింద నుంచి పోతోంది. ఎంజీ అనే ఇంగ్లండు కంపెనీ కార్లలో టీడీ మోడల్ నుంచి చాసిస్ యాక్సిల్ పైనుంచి వంపు తిరుగుతుంది కాబట్టి ఇది టీడీ కాదు. దానికి ముందొచ్చిన టీఏ, టీబీ, టీసీ మోడళ్లలో ఏదో ఒకటి. రేపు పగటి వెలుగులో మూడు సంగతులు చూడు.

ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి కొలత. టీసీకి 94 అంగుళాలు. ఎడమ ముందు నలిగింది కాబట్టి కుడి పక్క కొలువు. రిమ్ము 19 అంగుళాలు ఉండాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: కమాను కట్టల చివరలు ఎలా బిగించారో చూడు. టీబీలో అవి ట్రనియన్లలో, అంటే కట్ట కొన ముందుకీ వెనక్కీ జారే గూళ్లలో, కూర్చుంటాయి. టీసీకి వచ్చేసరికి దాన్ని తీసేసి రబ్బరు బుష్షుల షాకిల్, అంటే ఊగే లింకు, పెట్టారు. ఇంజిన్ మీద ఎనిమిది మూలల చిన్న ఇత్తడి బిళ్ల ఉంటే దాని మీద ఎక్స్‌పీఏజీ అని, పక్కన నెంబరు ఉంటుంది. 1250 సీసీ ఇంజిన్ అది.

టీసీ 1945 నుంచి 1949 దాకా తయారైంది, పది వేల దాకా వచ్చాయి. కలకత్తాలో, మద్రాసులో, బొంబాయిలో ఆ రోజుల్లో రేసు చేద్దామనుకున్న కుర్రాళ్లు చాలామంది మొదలుపెట్టింది ఇలాంటి ఎంజీలతోనే. పైబాడీ పీకేసి, రెక్కలు తీసేసి, తేలికైన రేకు కొట్టించి తోలేవారు. కాబట్టి ఒంటి సీటు బాడీ చూసి ఫ్యాక్టరీ రేసు కారు అనుకోవద్దు. మన దగ్గర మేస్త్రీలు చేసిన స్పెషల్ అయ్యుంటుంది. నా దృష్టిలో దాని విలువ అందుకే ఎక్కువ.

కిమిడి కుర్రాడు | జూలై 7
అన్నయ్యా, కొలిచాను. కుడి పక్క 94కి ఒక దారం అటూ ఇటూ. రిమ్ములు 19. షాకిల్సే ఉన్నాయి, ట్రనియన్ లాంటిది లేదు. ఇత్తడి బిళ్ల ఉంది, చదవగలుగుతున్నాను. చాసిస్ నెంబరు ఎక్కడుంటుంది?

విశాఖ ఎక్స్‌పీఏజీ | జూలై 7
అయితే టీసీయే. చాసిస్ నెంబరు ఎడమ ముందు కొమ్ము మీద, అంటే చాసిస్ పట్టీ ముందు కొన మీద, కొడతారు. మీ కారు నలిగింది కూడా అక్కడే, అదే నా టెన్షన్. తుప్పు గోకొద్దు. ఎమెరీ కాగితం, వైరు బ్రష్షు దాని దగ్గరికి కూడా తేవద్దు.

ఇంకో సంగతి. టీసీ నెంబర్లు 0251తో మొదలవుతాయి. ఒకటితో మొదలుపెట్టకుండా ఇదేమిటంటే, ఇంగ్లండులో అబింగ్డన్ ఫ్యాక్టరీ టెలిఫోను నెంబరు 251. ఆ అలవాటుతోనే లెక్క అక్కడి నుంచి మొదలెట్టారు. కాబట్టి నీకు దొరికే అంకె అంతకన్నా తక్కువైతే అనుమానించాలి.

నెంబరు మొత్తం ఇక్కడ రాయొద్దు. చివరి రెండంకెలు దాచు.

బరంపురం గ్యారేజ్ (బరంపురం) | జూలై 7
కొత్త బండి కొన్నాక ఆర్టీవో ఆఫీసుకి ఇవ్వడానికి చాసిస్ ప్రింట్ తీస్తారు చూడండి, పెన్సిలు రుద్ది టేపు అంటించి. ఇక్కడా అదే పని, కాకపోతే పదింతలు నెమ్మదిగా.

ముందు కిరసనాయిల్లో ముంచిన మెత్తని పాత గుడ్డ ఆ కొమ్ము మీద రాత్రంతా కప్పి ఉంచండి. పొద్దున్న తుడవండి, రుద్దకండి. మళ్లీ కప్పండి. జిడ్డూ మట్టీ కలిసిన పొర దానంతటదే వదులుతుంది. అది వదిలాక గదిలో చీకటి చేసి, టార్చిని రేకుకి ఆనించినట్టు పక్క నుంచి కొట్టండి. ఎదురుగా లైటు వేస్తే అంకె కనబడదు. పక్క నుంచి వేస్తే గుంతలో నీడ పడి కనబడుతుంది. ఫోను కదలకుండా పెట్టి, టార్చిని నాలుగు వైపుల నుంచీ మార్చి ఫొటోలు తీయండి. అప్పుడు పల్చటి కాగితం, మెత్తని పెన్సిలు. మూడు ప్రింట్లు తీసి, ఒక్కోదాని మీద తేదీ వేసి, ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయించండి.

అయినా కనబడకపోతే అక్కడే ఆగిపోండి. అచ్చు కొట్టినప్పుడు పైన గుంత పడటమే కాదు, కింది ఇనుము కూడా నొక్కుకుపోతుంది. పైది అరిగిపోయినా ఆ నొక్కుడు లోపల ఉంటుంది, ల్యాబులో ఆసిడ్ ద్రావణం పెడితే తేలుతుంది. పోలీసు కేసుల్లో దొంగబళ్ల నెంబర్లు పట్టేది అలాగే. మీరు ముందే గోకేస్తే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

కిమిడి కుర్రాడు | జూలై 11
మేస్త్రి గారూ, మీరు చెప్పినట్టే చేశాను. దేవుడి దయ. కొమ్ము మడతపడింది గానీ నెంబరున్న భాగం మడత లోపలి వైపుకి తిరిగి వానకి తడవకుండా ఉండిపోయింది. టీసీ అక్షరాలు, తర్వాత నాలుగంకెలు స్పష్టంగా వచ్చాయి. ఆరు వేల పైచిలుకు. ప్రింట్లు తీసి పక్కింటి మాస్టారి చేత, మా మావయ్య చేత సంతకాలు పెట్టించాను.

వెనక నెంబరు ప్లేటు కూడా దొరికింది. రంగు లేచిపోయింది. ఓ, ఆర్ తెలుస్తున్నాయి. మూడో అక్షరం జీయో సీయో తేలడం లేదు. అంకెలు చదవగలుగుతున్నాను.

హెడ్డు ఉన్న చెక్కపెట్టెకి రైల్వే లేబులు ముక్క అంటుకుని ఉంది. ఊరి పేరు చిరిగింది. ఎస్.ఈ. రైల్వే అని మాత్రం ఉంది.

పాత కాగితాలు (రాయగడ) | జూలై 11
ఆ మూడో అక్షరం చాలా పెద్ద సంగతి. జీ అయితే గంజాం, సీ అయితే కటక్. రిజిస్టరు ఎక్కడ వెతకాలో దాన్ని బట్టే ఉంటుంది. గ్యారేజ్ గారు చెప్పిన పక్క లైటే ప్లేటు మీద కూడా వేసి చూడండి.

ఈలోగా మన సరిహద్దు సంగతి కొంచెం చెబుతాను. ఇక్కడ పాత బళ్ల కాగితాలు వెతికేవాళ్లందరూ ఇక్కడే దారి తప్పుతారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా బరంపురం, పర్లాకిమిడి, జయపురం, రాయగడ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. అంతకుముందు బండైతే దాని కాగితం చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో వెతకాలి. మీది యుద్ధం తర్వాతి బండి కాబట్టి ఆ బాధ లేదు. కానీ పర్లాకిమిడి ఇప్పుడున్న గజపతి జిల్లా పుట్టింది 1992 అక్టోబరు 2న. అప్పటిదాకా అది గంజాం. కాబట్టి మీ ఊళ్లోని ఆర్టీవో ఆఫీసుకెళ్లి 1950ల రిజిస్టరు అడిగితే ఉండదు, వాళ్లు లేదనే చెబుతారు, మీరు చరిత్రే లేదనుకుని తిరిగొచ్చేస్తారు. గంజాంలో అడగాలి. మా రాయగడ వాళ్లు కోరాపుట్‌లో అడగాల్సి వచ్చినట్టే.

సరిహద్దుకి అవతల ఇంకో చిక్కు. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో. అంతకుముందు టెక్కలి, పాతపట్నం బళ్లు విశాఖ జిల్లా కింద ఉండేవి. మీ కారు ఎప్పుడైనా ఆ పక్క వాళ్ల చేతిలో ఉండుంటే మూడు చోట్ల అడగాలి.

మహారాజా వారి మాట. కృష్ణచంద్ర గజపతి గారు 1937లో ఒరిస్సాకి మొదటి ప్రధానమంత్రి, అంటే ఇప్పటి లెక్కలో ముఖ్యమంత్రి స్థానం. ఆయన మీద మాకందరికీ గౌరవం ఉంది. ఆ గౌరవం వల్లే పర్లాకిమిడిలో ఏ పాత వస్తువు కనబడినా ప్యాలెస్‌దే అంటారు. గడియారం, పల్లకీ, బీరువా, ఏదైనా సరే. కాగితం కనబడేదాకా ఆ మాట పక్కన పెట్టండి. ఆ పేరుతో అమ్మకానికి పెడితే మాత్రం అది అబద్ధం చెప్పినట్టే.

నౌపడ జంక్షన్ (టెక్కలి) | జూలై 12
నేను పార్సిల్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. లేబులు ఫొటో పెద్దది చేసి చూశాను, ఒక మాట చెప్పగలను.

సౌత్ ఈస్టర్న్ రైల్వే పుట్టింది 1955 ఆగస్టు 1న. అంతకుముందు మూడేళ్లు మన లైను ఈస్టర్న్ రైల్వేలో ఉంది, దానికి ముందు బెంగాల్ నాగపూర్ రైల్వే. కాబట్టి ఈ పెట్టె ప్రయాణం చేసింది 1955 ఆగస్టు తర్వాతే.

రెండోది. లేబులు వేసేది బుక్ చేసిన స్టేషను. ఆ రోజుల్లో హౌరా నుంచి వాల్తేరు దాకా సౌత్ ఈస్టర్న్, వాల్తేరు దాటితే సదరన్. మద్రాసులో బుక్ చేసిన సామానుకి సదరన్ లేబులు ఉంటుంది. మీ పెట్టె మీద సౌత్ ఈస్టర్న్ ఉందంటే అది వాల్తేరుకి ఇవతల, హౌరా వైపు ఎక్కడో బండెక్కింది. అందరూ మద్రాసు వైపు చూస్తున్నారు గానీ, నాకైతే ఉత్తరం వైపు చూడాలనిపిస్తోంది.

కానీ లేబులు చెప్పేది పెట్టె సంగతే. అందులో అప్పుడు ఈ హెడ్డే ఉందని లేబులు చెప్పదు.

డీల్ మాస్టర్ (హైదరాబాద్) | జూలై 12
మీ ఉత్సాహం బాగుంది కానీ ఆచరణ చూడండి. విరిగిపోయిన కారు, బాడీ అసలుది కాదు, ఆర్సీ లేదు. బాగుచేయాలంటే లక్షలు పోయాలి. తుక్కుకి వేస్తే ఏమొస్తుంది? ఒకాయన నెంబరుకే డబ్బిస్తానంటుంటే తీసుకోవడంలో తప్పేముంది? ఆయన మంచి కారు కడతాడు, పేరు బతుకుతుంది. పాత బండి షెడ్డులో కుళ్లిపోవడం కంటే అది మేలు కదా.

విశాఖ ఎక్స్‌పీఏజీ | జూలై 12
సార్, గౌరవంగానే చెబుతున్నాను. ఆయన కొనేది ఇనుము కాదు, ఈ కారు గుర్తింపు. ఆ ముక్క తీసుకెళ్లి కొత్త చాసిస్‌కి అతికించి, కొత్త బాడీ వేసి, ఇదే అసలు కారు అంటాడు. ఇక్కడ మిగిలిన ఇంజిన్, యాక్సిలు, బాడీ ఇంకెవరో కొని, అసలు భాగాలన్నీ నా దగ్గరున్నాయి కాబట్టి నాదే అసలు కారు అంటారు. ఒక నెంబరుకి రెండు కార్లు. ఇలాంటి తగాదాలు బ్రిటన్‌లో కోర్టుల దాకా వెళ్లాయి. పాత బెంట్లీ రేసు కారు ఓల్డ్ నెంబర్ వన్ మీద 1990లో లండన్ హైకోర్టు తీర్పే ఉంది. భాగాలు చాలా మారినా, ఆ కారు చరిత్ర తెగకుండా ఒకే వరసలో వచ్చిందా అన్నదే అక్కడ ముఖ్యమైంది.

మన దగ్గర కూడా చాసిస్ నెంబరు కోసి ఇంకో బండికి అతికించడం నేరం. మావయ్య గారికి ఈ ముక్క గట్టిగా చెప్పు తమ్ముడూ. రేపు ఆ బండి ఎక్కడైనా పట్టుబడితే అమ్మినవాళ్ల పేరే ముందు వస్తుంది.

బాగుచేయడం సంగతి తర్వాత. 2021 జూలైలో కేంద్రం వింటేజి బళ్లకి వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది. 50 ఏళ్లు దాటినవాటికి వీఏ అక్షరాలతో నెంబరు, కొత్తగా అయితే ఇరవై వేల ఫీజు, పదేళ్ల గడువు. పాత ఆర్సీ అడుగుతారు. చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదన్న షరతుంది. ఒంటి సీటు బాడీకి అక్కడ ఇబ్బంది రావచ్చు. అలాగని ఈ బాడీ పీకి కొత్త టీసీ బాడీ వేస్తే మీ కారు చరిత్రలో సగం చెత్తబుట్టలో పడేసినట్టే. నేనైతే ఉన్నదున్నట్టు ఉంచేస్తాను.

పాత కాగితాలు | జూలై 13
ఆర్టీఐ వేయండి. ఒడిశాలో ఫారం ఎ, ఫీజు పది రూపాయలు. ప్రశ్న చిన్నదిగా ఉండాలి: ఫలానా నెంబరు వాహనం రిజిస్టరు పేజీ నకలు, అంతకుముందు వేరే రాష్ట్రంలో నెంబరు ఉంటే ఆ వివరం, యజమాని మార్పుల తేదీలు. పొరపాటున వేరే ఆఫీసుకి వెళ్లినా ఐదు రోజుల్లో సరైన ఆఫీసుకి పంపాలని చట్టంలో ఆరో సెక్షన్ చెబుతోంది. ఇతరుల వివరాలంటూ ఆపే అవకాశం ఉంది, అందుకని మీ అమ్మమ్మ గారి పేరుతో వేయించండి. చివరి యజమాని భార్య అడిగితే కాదనడం కష్టం.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. యజమానులు కాగితం దాచరు. అమ్మేశాక వాళ్లకి ఆ బండితో పనేముంది? కాగితం దాచేది మేస్త్రీలు. బాకీ వసూలు కావాలి కాబట్టి ప్రతి బండీ రాసుకుంటారు. 1950ల్లో, 60ల్లో బరంపురంలో ఇలాంటి బండి ముట్టుకోగల మేస్త్రీలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. గ్యారేజ్ గారూ, ఆ కుటుంబాలు మీకు తెలుసుగా?

బరంపురం గ్యారేజ్ | జూలై 13
తెలుసు. నాకు పని నేర్పిన గురువుగారి ఇంట్లో ట్రంకుపెట్టె ఒకటి ఉంది. వాళ్లబ్బాయితో మాట్లాడతాను.

కిమిడి కుర్రాడు | జూలై 27
పక్క లైటు పెడితే మూడో అక్షరం తేలింది. జీయే. గంజాం. అమ్మమ్మ పేరుతో ఆర్టీఐ వేశాం. ఎంజీ కార్ క్లబ్‌కి ఈమెయిల్ కూడా పెట్టాను. ఫ్యాక్టరీ 1980లో మూతపడ్డా పాత తయారీ రికార్డులు వాళ్ల దగ్గర ఉన్నాయని అన్నయ్య చెప్పారు.

బరంపురం గ్యారేజ్ | ఆగస్టు 9
దొరికింది! ఇది రాస్తుంటే నా చేతులు వణుకుతున్నాయి.

గురువుగారి నాన్నగారి ఖాతా పుస్తకాలు. ఎర్ర గుడ్డ అట్టల పొడుగు పుస్తకాలు. నెలకొక పేజీ, పక్కన బండి నెంబరు, కింద పని, చివర మజూరి. ఇంగ్లీషు సంవత్సరం ఎక్కడా లేదు. తెలుగు సంవత్సరాలు, తెలుగు మాసాలే. చాలా పుటలకి చెద పట్టింది. మన నెంబరు మూడు చోట్ల ఉంది. ఉన్నదున్నట్టు దింపుతున్నాను.

"హేవిళంబి కార్తీకం. డాక్టరు బాబు ఎంజీ. కలకత్తా బండి, కొత్త నెంబరు వేయించినారు. క్లచ్చి ప్లేటు. మజూరి 12 రూ. 50 న.పై."

"ప్లవ మాఘం. మిల్లు బాబు ఎంజీ, డాక్టరు గారి బండే. గాస్కెట్టు పోయినది. హెడ్డు ముందే మూడు ముప్పైరెండో వంతు కోసి ఉన్నది, ఇంక కోయరాదని చెప్పినాను."

"శోభకృతు ఆషాఢం. మిల్లు బాబు ఎంజీ. తప్తపాణి మలుపులో పల్టీ. ఎడమ కొమ్ము లోపలికి. మనిషికి చెయ్యి విరిగినది. లారీ మీద తెచ్చినారు. చేయరాదన్నాను. పర్లాకిమిడి ప్యాలెసు పక్క షెడ్డుకు పంపినారు."

పాత కాగితాలు | ఆగస్టు 9
మేస్త్రి గారూ, మీ గురువుగారి నాన్నగారికి చేతులెత్తి నమస్కారం.

సంవత్సరాలు లెక్క కడుతున్నాను. హేవిళంబి అంటే 1957-58, ప్లవ 1961-62, శోభకృతు 1963-64. అంటే కార్తీకం 1957 చివర్లో, మాఘం 1962 మొదట్లో, ఆషాఢం 1963 వానల్లో. అరవై ఏళ్లకోసారి ఆ పేర్లే తిరిగొస్తాయి కాబట్టి ఇంకో ఆధారం కావాలి. అది ఆ పుటలోనే ఉంది: న.పై. అంటే నయా పైసలు. అణాలు పోయి నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. 1964లో 'నయా' తీసేశారు. మొదటి పుటకి అనుమానమే లేదు, మిగతా రెండూ ఆ వరసలోనే ఉన్నాయి.

రాజావారి మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలిసిపోయింది. బండి ఉన్నది ప్యాలెస్ పక్క షెడ్డులో. చూసినవాళ్లు ప్యాలెస్ బండే అనుకున్నారు. తర్వాత ఎప్పుడో మిల్లుకి చేరింది.

విశాఖ ఎక్స్‌పీఏజీ | ఆగస్టు 9
తమ్ముడూ, వెంటనే ఆ హెడ్డు మందం కొలువు. వెర్నియర్ కాలిపర్‌తో, నాలుగు మూలల్లో. ఫ్యాక్టరీ హెడ్డు 76.75 మిల్లీమీటర్లు. మూడు ముప్పైరెండో వంతు అంగుళం అంటే 2.4 మి.మీ. కోసి ఉంటే 74.3, 74.4 దగ్గర రావాలి. కంప్రెషన్ పెంచడానికి రేసులవాళ్లు చేసే పని అది.

కిమిడి కుర్రాడు | ఆగస్టు 10
లేతు షాపు అతన్ని ఇంటికే తీసుకొచ్చాను. నాలుగు మూలలు: 74.4, 74.4, 74.3, 74.4.

అంటే పెట్టెలో ఉన్న హెడ్డు మేస్త్రి గారు చూసిన హెడ్డే. మా మావయ్య నోట మాట లేదు. తాతగారి ఎడమ చెయ్యి మోచేతి దగ్గర కొంచెం వంకరగా ఉండేదని ఇప్పుడు చెప్పాడు. మిల్లు బెల్టులో పడి విరిగిందనే ఇన్నాళ్లూ అనుకున్నారట. సిటీ ఆయనకి ఫోన్ చేసి అమ్మం అని ఆయనే చెప్పేశాడు.

సోలవరం స్టాండు (చెన్నై) | ఆగస్టు 12
చాలా రోజులుగా చదువుతున్నాను. మద్రాసు రేసులు జరిగింది సోలవరంలో, అది యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో పుట్టింది. నా దగ్గర కొన్ని పాత రేసు ప్రోగ్రాములు ఉన్నాయి, ఎంట్రీల్లో ఎంజీలు కనబడతాయి. కానీ మీ ఖాతా పుస్తకం చూశాక నేను ఇక్కడ వెతకడం దండగ. కలకత్తా బండి, హెడ్డు గంజాం రాకముందే కోసి ఉంది. ఆ రోజుల్లో కలకత్తా వాళ్ల రేసులు బారక్‌పూర్ ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగేవి. అక్కడ చూడండి. మద్రాసు రేసులో పల్టీ అన్న మాటకి మాత్రం ఇక ఆధారం లేనట్టే.

కిమిడి కుర్రాడు | సెప్టెంబరు 4
రెండు జవాబులూ ఒకే వారంలో వచ్చాయి.

ఎంజీ క్లబ్: చాసిస్ నెంబరు సరైనదే, 1948లో తయారైన టీసీ. కానీ ఫ్యాక్టరీలో దానికి బిగించిన ఇంజిన్ నెంబరు వేరు, ఇప్పుడున్నది వేరు.

ఆర్టీఐ: రిజిస్టరు పేజీ నకలు ఇచ్చారు. 1957 సెప్టెంబరులో గంజాంలో నమోదు. అంతకుముందు పశ్చిమ బెంగాల్ నెంబరు ఒకటి రాసి ఉంది. మొదటి పేరు ఒక డాక్టరు గారిది, 1961లో మా తాతగారి పేరుకి మార్పు. ఆ తర్వాత ఏమీ లేదు. పేజీలో ఉన్న ఇంజిన్ నెంబరు ఇప్పుడు బిళ్ల మీద ఉన్నదే. డాక్టరు గారి కుటుంబం అనుమతి లేకుండా పేరు ఇక్కడ పెట్టను.

విశాఖ ఎక్స్‌పీఏజీ | సెప్టెంబరు 4
చాలా బాగుంది. ఇంజిన్ మారింది 1948కి, 1957 సెప్టెంబరుకి మధ్య, అంటే గంజాం రాకముందే. ఒంటి సీటు బాడీ అప్పటిదే అయ్యుంటుంది కానీ దానికి కాగితం లేదు, కాబట్టి అలా రాయొద్దు. నువ్వు తయారుచేసే ఫైలులో మూడు రంగులు వాడు: కాగితం ఉన్నది, కారు మీద కొలిచి తేల్చింది, ఇంట్లో చెప్పుకునేది. ఇంట్లో చెప్పుకునే మాటలు కూడా ఉంచు, కొట్టేయొద్దు. ప్యాలెస్ మాటని వదిలేసి ఉంటే షెడ్డు సంగతి మనకి అర్థమయ్యేది కాదు.

పాత కాగితాలు | సెప్టెంబరు 5
బండి ఇంకా తాతగారి పేరు మీదే ఉంది. చనిపోయిన యజమాని నుంచి వారసులకి మార్చే ఫారం 31 గురించి ఆఫీసులో అడగండి. ఇంత పాత రిజిస్ట్రేషన్ మీద అది నడవకపోయినా, అడిగినట్టు రసీదు ఉంచుకోండి. వారసులందరి సంతకాలతో కారు ఎవరి దగ్గర ఉంటుందో ఒక ఒప్పందం రాసుకోండి. షెడ్డులో దొరికినవన్నీ, విరిగిన స్పోకుతో సహా, జాబితా రాసి ఫొటోలు తీయండి.

నౌపడ జంక్షన్ | సెప్టెంబరు 5
బాబూ, ఆ లేబులు ముక్కని పెట్టె నుంచి ఊడదీయకు. పెట్టెతోపాటే ఉంచు. చెదలకి మందు కొట్టించు కానీ లేబులు మీద పడనీయకు.

కిమిడి కుర్రాడు | సెప్టెంబరు 6
అలాగే నౌపడ తాతగారూ. కారుని మిల్లు ఆఫీసు గదిలోకి మార్చాం, నేలకి ఆనకుండా చెక్కల మీద పెట్టాం. ఖాతా పుస్తకం మూడు పుటల ఫొటోలు గురువుగారి కుటుంబం అనుమతితో ఫైలులో చేర్చాను.

ఇప్పుడు నాకు కావలసింది కోల్‌కతాలో ఉన్న తెలుగువాళ్లు. 1948 నుంచి 1957 దాకా ఆ బెంగాల్ నెంబరు ఎవరి చేతిలో ఉంది, బారక్‌పూర్ రేసుల్లో దిగిందా, అన్నవి తేలాలి. అలీపూర్‌లోని నేషనల్ లైబ్రరీలో ఆ కాలం నాటి స్టేట్స్‌మన్ పేపర్లు చూడాలి. రేసుల మర్నాటి ఆటల పేజీలు చాలు. ఇంకా ముఖ్యం, అక్కడి పాత మోటారు మేస్త్రీల కుటుంబాలు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. బెంగాల్ నెంబరు, బాడీ తోక దగ్గర రివెట్ల వరస ఫొటో మెసేజిలో పంపిస్తాను. పూజల సెలవుల్లో నేను కూడా వస్తాను.

ఖరగ్‌పూర్ తెలుగు (ఖరగ్‌పూర్) | సెప్టెంబరు 6
నాకు పంపండి. మా బాబాయ్ కోల్‌కతాలో ఉంటారు, రీడింగ్ రూం కార్డు ఉంది. పూజల్లో లైబ్రరీ తెరిచి ఉంటుందో లేదో తెలియదు, అంతకుముందే రండి.

కిమిడి కుర్రాడు | సెప్టెంబరు 6
పంపించాను అన్నా. ఈ నెలాఖరుకి టికెట్టు తీస్తున్నాను.